షియావ్ యావ్ సాన్ కాచుకునే ముందు

చి.ల.సౌ. లలితకి పెద్దమ్మ దీవెనలు.

సింగపూర్‌లో మీ ఇంటి దగ్గర చైనా మందుల షాపువాళ్లు ఒత్తిడికి, కడుపుబ్బరానికి, నెలసరికి మూడింటికీ ఒకటేనని షియావ్ యావ్ మాత్రలు చూపించారని రాశావు. సీసా కొనుక్కోనా, దినుసులు తెచ్చి కషాయం కాచుకోనా అని అడిగావు. అంతకన్నా ముందు ఈ మందు నీకు పడుతుందో లేదో తేల్చుకోవాలి తల్లీ.

షియావ్ యావ్ సాన్ అనే ఈ మందు చైనాని ఏలిన సోంగ్ వంశం నాటి ప్రభుత్వ ఔషధశాల మిశ్రమాల్లో ఒకటి. చైనా వైద్యుల లెక్కలో ఇది మూడు సంగతులు కలిసి ఉన్నవాళ్లకి: లోపల బిగబట్టుకున్న చిరాకుతో కాలేయపు నడక బిగుసుకోవడం, రక్తం చాలకపోవడం, జీర్ణశక్తి మందగించడం. వాళ్లు చెప్పే కాలేయం స్కానింగ్‌లో కనిపించే అవయవం ఒక్కటే కాదు, ఒంట్లో జరిగే ఒక పని తీరు. డొక్కల్లో బిగువు, నెలసరికి ముందు రొమ్ముల సలుపు, తలనొప్పి, నీరసం, ఆకలి లేకపోవడం, నెలసరి తేదీ అటూ ఇటూ కావడం, ఇవన్నీ కలిసొస్తే వాళ్లు ఈ మందు వైపు చూస్తారు. నాలుక చూసి, నాడి పట్టుకుని గానీ ఖాయం చేయరు. సింగపూర్‌లో చైనా వైద్యులు ప్రభుత్వ బోర్డులో నమోదై ఉండాలి కాబట్టి ఆ నమోదు చూసుకునే వెళ్లు. షాపు కౌంటర్ దగ్గర మాట సరిపోదు.

ముఖం వేడెక్కడం, నోరు చేదు, పట్టలేని కోపం, నెలసరి ముందే రావడం ఉంటే దీనికే ము దాన్ పీ (చెట్టు పియోనీ వేరు బెరడు), గార్డీనియా కాయ చేర్చిన ఇంకో రకం ఇస్తారు. సీసాలు ఒకేలా ఉంటాయి, పేరు పూర్తిగా చదువు. ఆ గార్డీనియా రకాన్ని ఏళ్ల తరబడి వాడినవాళ్లలో పెద్దపేగు సిరలు గట్టిపడిన కేసులు జపాన్‌లో నమోదయ్యాయి. దాన్ని సొంతంగా కొనసాగించకు.

ఇక పాళ్లు. చాయ్ హు (బుప్లూరం వేరు), దాంగ్ గుయ్ (చైనా ఏంజెలికా వేరు), తెల్ల బాయ్ షావ్ (పియోనీ వేరు), బాయ్ జు (అట్రాక్టిలోడిస్ దుంప), ఫు లింగ్ (పైన్ చెట్ల వేర్ల మీద పెరిగే శిలీంధ్రం) ఐదూ సమానం, తేనెలో వేయించిన అతిమధురం అందులో సగం. ఒక రోజు కషాయానికి సాధారణంగా ఐదూ తలా 9 గ్రాములు, అతిమధురం 4.5 గ్రాములు, అల్లం మూడు ముక్కలు, ఎండు చైనా పుదీనా 2 నుంచి 3 గ్రాములు. వైద్యుడు నిన్ను చూసి మారిస్తే ఆయన రాసిందే లెక్క. త్వరగా గుణం కనిపించాలని చాయ్ హు మాత్రం పెంచకు. అది లోపలి బిగువుని విప్పి శక్తిని పైకి లేపే మందు, ఎక్కువైతే ఒళ్లు ఎండబెడుతుందని, తల తిరుగుతుందని వైద్యులు హెచ్చరిస్తారు. దాన్ని పట్టి ఉంచడానికే బాయ్ షావ్ ఉంది. దాంగ్ గుయ్ విరేచనాన్ని మెత్తబరుస్తుంది. నీకు ముందే పలచగా అవుతుంటే వైద్యుడికి చెప్పు, దాన్ని తగ్గించి బాయ్ జు వేయించినది రాస్తారు.

కొనేటప్పుడు బాయ్ షావ్ సున్నంలా తెల్లగా ఉండి పుల్లటి ఘాటు కొడితే గంధకం పొగ పెట్టారని అనుమానించు. దాంగ్ గుయ్ కోసిన వైపు పసుపు తెలుపు కలిసి, జిడ్డుగా, ఘాటుగా ఉండాలి. ఎండిపోయి కట్టెలా గోధుమరంగు తిరిగింది వద్దు. చాయ్ హు పేరుతో దగ్గరి జాతి వేర్లు కూడా వస్తాయి, అందులో విషపుది ఒకటుంది, అందుకే విడిగా సంతల్లో కొనొద్దు.

పాత్ర మట్టిది, గాజుది, లేదా స్టీలుది. ఇనుము, అల్యూమినియం, రాగి వద్దు. కుక్కర్ అసలు పెట్టకు, ఎంత ఇగిరిందో తెలియదు, చివర్లో పుదీనా వేసే వీలూ ఉండదు. దినుసులు ఒక్కసారి కడిగి, 600 మి.లీ. నీళ్లలో అరగంట నానబెట్టు. ఫు లింగ్ పెద్ద ముక్కలైతే చిన్నగా నలగ్గొట్టు, లేకపోతే మధ్య దాకా నీరు పట్టదు. అల్లం ముక్కల్ని పొడి పెనం మీద సన్నసెగన అంచులు రంగు మారేదాకా వేయించి వెయ్యి, పచ్చి అల్లం కంటే కడుపుకి సాధువుగా ఉంటుంది. పొంగు రాగానే సెగ తగ్గించి ఇరవై నిమిషాలు కాచు. దింపే ఐదు నిమిషాల ముందు పుదీనా. మొదట్లోనే వేస్తే దాని నూనె ఆవిరిలో పోతుంది, ఇక వేసినా ఒకటే వెయ్యకపోయినా ఒకటే. వడకట్టి, అదే పిప్పికి 400 మి.లీ. పోసి ఇంకో పావుగంట మరిగించి, రెండూ కలిపి రెండు పూటలకి పంచు. గోరువెచ్చగా తాగు. టీ, కాఫీ గంట ఎడంగా.

నన్నడిగితే మొదట మాత్రలే నయం, వైద్యుడు పాళ్లు మార్చినప్పుడు కషాయం. గాఢత పెంచిన చిన్న మాత్రలు పూటకి ఎనిమిది, రోజుకి మూడుసార్లు అని సీసాల మీద ఉంటుంది. ఎనిమిదింటికి దాదాపు 3 గ్రాముల ముడి దినుసు, అంటే రోజంతటికీ 9 గ్రాములే. కషాయంలో అది 50 గ్రాముల దాకా. అందుకే మాత్రలు మానేసి కషాయంలోకి దూకడం చిన్న మార్పు కాదు.

నువ్వు ఇంటి నుంచి తెచ్చుకున్న అతిమధురం చూర్ణం ఉంటే ఈ మందు వాడే రోజుల్లో ఆపెయ్యి. రెండు వైపుల నుంచీ అతిమధురం పడితే పొటాషియం తగ్గి, బీపీ పెరిగి, కాళ్లు వాయొచ్చు. బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచేవి వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టకూడదు, దాంగ్ గుయ్‌తో రక్తస్రావం పెరగొచ్చు. గర్భం అనుమానం ఉంటే ముందు పరీక్ష చేసుకో. రుతుస్రావం ఎక్కువయ్యే రోజుల్లో ఆపమంటారు.

ఈ మందు మీద జరిగిన పరిశోధనలు ఉన్నాయి కానీ చాలావరకు చిన్నవి, నాణ్యత అంతంత మాత్రమే. రెండు మూడు నెలసరులు చూసి, తేడా లేకపోతే ఆపెయ్యి. ముందుగా థైరాయిడ్, హిమోగ్లోబిన్, పీసీఓడీ పరీక్షలు పూర్తి చేయించుకో. మూడు నెలలు నెలసరి రాకపోయినా, గంటకో ప్యాడ్ తడుస్తున్నా, మలంలో రక్తం పడినా, బతకాలనిపించకపోయినా కషాయం పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఎర్ర దద్దుర్లు, దగ్గు, ఆయాసం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆ రోజే మానేసి, సీసా చేత్తో పట్టుకుని ఆస్పత్రికి వెళ్లు.

ఇట్లు
పెద్దమ్మ