తాతయ్య అస్థికలున్న చోటికి ఆరేళ్ళ బాబును తీసుకెళ్ళవచ్చా?

ప్రశ్న: మాది జగిత్యాల. సింగపూర్‌లో ఉద్యోగానికి వచ్చి, ఇక్కడి చైనీస్ కుటుంబంలో అబ్బాయిని పెళ్ళి చేసుకున్నాను. బాబుకు ఆరేళ్ళు. నిరుడు మామగారు పోయారు. ఈ ఏప్రిల్‌లో, చైనీయులు పోయిన పెద్దలను తలచుకునే చింగ్‌మింగ్ పండుగకు, ఆయన అస్థికలు ఉంచిన మండాయ్‌కి మనవణ్ణి తీసుకెళ్ళాలని అత్తగారి కోరిక. మా దగ్గరే ఉంటున్న అమ్మ మాత్రం ‘పసిపోరన్ని బొందలగడ్డకు తీస్కపోతరా, గాలి సోకుతది’ అని అన్నం కూడా సరిగా తినడం లేదు. మావారు ఏమీ మాట్లాడరు. మా నాన్న పోయాక పెత్రమాసకు బాబును ఒక్కసారీ ఊరికి తీసుకెళ్ళలేకపోయాను. ఏం చేయమంటారు?

జవాబు: బాబును తీసుకెళ్ళండి. తనను ఎత్తుకుని తిరిగిన తాత కోసం, నానమ్మ చెయ్యి పట్టుకుని వెళ్తున్నాడు. అందులో పిల్లవాడికి చెడు జరిగేదేమీ లేదు.

చింగ్‌మింగ్ ఏటా ఏప్రిల్ 4నో 5నో వస్తుంది. ఆ రోజే వెళ్ళాలని లేదు, పది రోజులు ముందైనా వెనకైనా వెళ్తారు. పెద్దల పేరున్న పలకను తుడిచి, పూలు పెట్టి, అగరువత్తులు వెలిగిస్తారు. పోయినవాళ్ళకు ఇష్టమైన తిండి, పళ్ళు, టీ పెడతారు. వాళ్ళకు అక్కడ పనికొస్తాయని కాగితపు డబ్బు కాలుస్తారు. తర్వాత ఆ తిండి ఇంటిల్లిపాదీ తింటారు. పెత్రమాస నాడు మీ అమ్మ పెద్దలకు పెట్టేది కూడా ఇలాగే కదా?

అమ్మతో వాదించకండి. ఆమెది మనవడి మీద ప్రేమతో వచ్చిన భయం. కరీంనగర్ కార్ఖానగడ్డలో కొన్ని కుటుంబాలు దీపావళికి శ్మశానానికే వెళ్ళి, పెద్దల సమాధుల దగ్గర పిల్లాపాపలతో దీపాలు పెట్టుకుంటాయి. మీ జిల్లా వైపు సంగతే కాబట్టి ఆమెకు తెలిసే ఉంటుంది, గుర్తుచేయండి. ఇంకొకటి: శ్మశానం నుంచి వచ్చాక పంపరపనస ఆకులు వేసిన నీళ్ళతో కడుక్కునే అలవాటు చాలా చైనీస్ ఇళ్ళలో ఉంది. మీ ఇంట్లో ఎలా చేస్తారో అత్తగారిని అడగండి. తిరిగొచ్చాక బాబుకు స్నానం చేయించే పని అమ్మకే అప్పగించండి. ఆమె మనసు కుదుటపడడానికి మీ మాటలకన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.

బాబుకు మాత్రం ముందే చెప్పాలి, అదీ సూటిగా. ‘తాతయ్య చనిపోయాడు, ఆయన శరీరం పనిచేయడం ఆగిపోయింది, ఇక తిరిగి రాడు. మనం ఆయన్ని తలచుకోవడానికి వెళ్తున్నాం’ అంటే ఆరేళ్ళవాడికి అర్థమవుతుంది. ‘నిద్రపోతున్నాడు’ అని మాత్రం అనొద్దు. ఆ మాట విన్న పిల్లలు కొందరు పడుకోవడానికే జంకుతారు. ‘మరి అన్నం ఎవరు తింటారు?’ అని అడిగితే, ‘తాతకు ఇష్టమని మనం ప్రేమతో పెడుతున్నాం’ అనండి. పలక తుడవడమో, నారింజపళ్ళు పట్టుకోవడమో వాడికంటూ ఒక పని ఇవ్వండి. వారాంతాల్లో విపరీతమైన రద్దీ కాబట్టి మామూలు రోజున పొద్దున్నే వెళ్ళండి. కాగితాలు కాల్చే చోట పొగ, వేడి ఉంటాయి, దూరంగా నిలబెట్టండి. మధ్యలో ‘పోదాం’ అంటే బతిమాలకుండా బయటికి తీసుకొచ్చేయండి. తర్వాత కొన్ని వారాలపాటు నిద్రలో ఉలిక్కిపడుతుంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక మీవారి మౌనం సంగతి. తండ్రి పోయాక ఆయనకిది మొదటి చింగ్‌మింగ్. తన దుఃఖమే తేల్చుకోలేని మనిషి ఇద్దరమ్మల మధ్య మాట్లాడలేకపోతున్నారేమో. ‘నువ్వేమైనా చెప్పు’ అని నిలదీసే ముందు, ‘మీ నాన్న దగ్గరికి వెళ్ళాలంటే నీకెలా ఉంది?’ అని అడిగి చూడండి. అత్తగారికి, అమ్మకు మీ నిర్ణయం మీరూ మీవారూ కలిసి చెప్పండి. మీ అమ్మకు మీలో ఒక్కరే చెప్తే అది అత్తింటి మాటగానే వినిపిస్తుంది.

మీ ఉత్తరంలో చివరి మాటకు ముందున్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఒక తాతను తలచుకునే రోజు బాబుకు దొరుకుతోంది, ఇంకో తాతను తలచుకునే రోజు ఇంకా దొరకలేదు. మిమ్మల్ని లోపల కోస్తున్నది ఇదేననిపిస్తోంది. ఈ ఏడు పెత్రమాసకు సెలవు దొరికితే జగిత్యాల వెళ్ళండి. దొరక్కపోతే సింగపూర్ ఇంట్లోనే మీ నాన్న ఫొటో పెట్టి, ఆయనకు ఇష్టమైనవి వండి, ఆకులో వడ్డించే పని బాబుతో చేయించండి. ఆ పూట అత్తగారిని భోజనానికి పిలవండి.