మూమిన్ బొమ్మలు గీసే అమ్మాయిని యానిమేషన్‌లో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. మూమిన్లనే గుండ్రటి, తెల్లటి బొమ్మ జీవుల కథలు సృష్టించిన ఫిన్లాండ్ రచయిత్రి తూవె యాన్సన్‌లా తనే కథలు రాసి, తనే బొమ్మలు వేస్తానంటోంది. బీటెక్ వద్దంటోంది. యానిమేషన్ డిగ్రీ మంచిదా, బీఎఫ్‌ఏ (చిత్రకళ డిగ్రీ)నా? ఫిన్లాండ్ పంపితే? ప్యాకేజీ ఎంత వస్తుంది? బంధువులు అడుగుతుంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: సార్, ఏటా ఇంటర్ పరీక్షల ముందు ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. పేర్లు మారినా భయం ఒక్కటే: బొమ్మలు గీసుకుంటూ కూర్చుంటే రేపు తిండెలా అని. ముందు దాని సంగతే చూద్దాం.

యాన్సన్ 1914లో హెల్సింకీలో పుట్టారు. తండ్రి శిల్పి, ఆయన చేతికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. ఇల్లు నడిచింది తల్లి సిగ్నె గీతల మీద. పుస్తకాలకు అట్టలు, పత్రికలకు కార్టూన్లు, దేశానికి తపాలా బిళ్లలు, ఏది అడిగితే అది గీశారామె. కూతురు కూడా పదిహేనేళ్లకే ‘గార్మ్’ అనే వ్యంగ్య పత్రికకు బొమ్మలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పత్రిక 1953లో ఆగిపోయేదాకా ఇస్తూనే ఉంది. 1938లో హిట్లర్‌ను గుక్కపట్టి ఏడ్చే పసివాడిగా, ఐరోపా నాయకులు కేకులు చూపించి బుజ్జగిస్తున్నట్టుగా గీసింది. పక్కింట్లో యుద్ధం రాజుకుంటున్న రోజులవి, ఆ ధైర్యం చూడండి! మూమిన్ల మొదటి పుస్తకం వచ్చింది 1945లో. అప్పటికే ఆమె చాలా ఏళ్లుగా గీసి సంపాదిస్తున్న మనిషి.

అసలు డబ్బు 1954లో లండన్ పత్రిక ‘ఈవినింగ్ న్యూస్’లో గీసిన మూమిన్ల కామిక్ స్ట్రిప్‌తో వచ్చింది. ఆ నిశ్చింతతో పెయింటింగ్ వేసుకోవచ్చనుకున్నారు. కానీ వారానికి ఆరు స్ట్రిప్‌లు గీసే పని ఆమెను పిండేసింది. చివరికి తమ్ముడు లార్స్‌కు అప్పగించి బయటపడ్డారు. మీరు అడిగే ‘ప్యాకేజీ’ అంటే అదే సార్. వచ్చింది, దానికి తగ్గ ఖరీదూ కట్టించుకుంది.

ఇక యానిమేషన్. దీని మీద నాకు అనుమానాలు ఎక్కువ. బ్రోషర్‌లో యానిమేషన్, వీఎఫ్ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్), గేమింగ్ అన్నీ మెరుస్తుంటాయి. కొన్ని కాలేజీల్లో పెన్సిల్ పట్టించకుండానే సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెడతారు. తీరా స్టూడియోకి వెళ్తే చాలామందికి మొదట దక్కేది రోటోస్కోపింగ్, అంటే ఎవరో తీసిన సినిమాలో ఫ్రేము ఫ్రేముకూ మనిషి అంచులు గీస్తూ పోవడం. అందులోనూ ఇప్పుడు ఏఐ చొరబడుతోంది. ఆ పని ఇష్టపడేవాళ్లు నిక్షేపంగా చేరొచ్చు. కథ తనే అల్లి, బొమ్మ తనే వేయాలనే పిల్లకు మాత్రం లక్షలు పోసి ఆ సీటు కొనకండి. బీఎఫ్‌ఏలో కనీసం చేతికి రోజూ పని ఉంటుంది. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది, అక్కడ ప్రకటనలకూ పుస్తకాలకూ బొమ్మలు వేయడం నేర్పే అప్లైడ్ ఆర్ట్ బ్రాంచి చూడండి.

ఫిన్లాండ్ ఇప్పుడే వద్దు. ఇంగ్లిష్‌లో చదివే మనలాంటి దేశాల పిల్లలకు 2017 నుంచి అక్కడా ట్యూషన్ ఫీజు ఉంది. యాన్సన్ రాసింది కూడా ఇంట్లో మాట్లాడే స్వీడిష్‌లో, ఆ దేశంలో కొద్దిమందే మాట్లాడే భాషలో. మీ అమ్మాయి తెలుగులో రాస్తానంటే దయచేసి ‘ఇంగ్లిష్‌లో రాయి’ అని అడ్డుపడకండి.

ఒక మాట గట్టిగానే అంటాను. మీ ఉత్తరం నిండా ప్యాకేజీలు, బంధువులు. అమ్మాయి ఏం గీస్తోందో ఒక్క ముక్క లేదు. ఆమె బొమ్మల నోట్‌బుక్ ఎప్పుడైనా తెరిచారా? పదిహేడేళ్ల పిల్ల తను చేయాలనుకున్న పనిని, అది చేసి చూపించిన మనిషి పేరుతో సహా చెబుతోంది. ఇంత స్పష్టత పాతికేళ్లవాళ్లలోనూ అరుదు. ఆమె దారి తప్పలేదు, మీరు కంగారు పడకండి.

ఇంటర్ మాత్రం మంచి మార్కులతో పూర్తి చేయమనండి, అందులో రాజీ లేదు. సెలవుల్లో ముప్పై రెండు పేజీల బొమ్మల కథ ఒకటి మొదలు నుంచి చివరిదాకా తయారు చేయమనండి. తర్వాత దాన్ని పిల్లల పత్రికలకు, ప్రచురణకర్తలకు పంపించండి. వాళ్లు తిప్పి పంపినా ఆ పేజీలు ఇంటర్వ్యూ పెట్టే బీఎఫ్‌ఏ కాలేజీల్లో పనికొస్తాయి. కాగితాలు, సిరా ఖర్చు మీది.