సమాధానం: ఖాళీగా ఉన్నప్పుడే ఇంటరప్ట్ ఆలస్యమవుతోంది

మీ లినక్స్ డ్రైవర్‌లో ఇంటరప్ట్ (డివైస్ సీపీయూకి పంపే పిలుపు) వచ్చాక దానికి స్పందించే కోడ్, అంటే హ్యాండ్లర్, మొదలవడానికి లోడ్ ఉంటే 5 మైక్రోసెకన్లు, సిస్టమ్ ఖాళీగా ఉంటే 150 దాటుతోంది అన్నారు కదా. తప్పు దాదాపు ఖచ్చితంగా మీ హ్యాండ్లర్‌ది కాదు. పని లేనప్పుడు సీపీయూ లోతైన నిద్రలోకి పోతోంది, లేవడానికి పట్టే సమయమే మీకు కనబడుతోంది.

1. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన వివరాలు చూపే /sys ఫోల్డర్) ఇంటరప్ట్ అందుకునే కోర్ కింద సీపీయూఐడిల్ ఫోల్డర్ తెరవండి. ఒక్కో స్టేట్‌లో (నిద్ర స్థాయి) లేటెన్సీ అనే ఫైల్ ఉంటుంది, అందులో లేవడానికి పట్టే సమయం మైక్రోసెకన్లలో. మీ 150కి దగ్గరగా ఏదైనా ఉందేమో చూడండి.

2. డెవ్‌లోని (/dev ఫోల్డర్) సీపీయూ_డీఎంఏ_లేటెన్సీ ఫైల్‌లో సున్నా రాయండి, అంటే లోతైన నిద్ర వద్దని కెర్నల్‌ను అభ్యర్థించినట్టు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: షెల్‌లో ఎకో కొట్టి వదిలేస్తారు. ఎకో ముగియగానే ఫైల్ మూసుకుపోతుంది, దాంతోపాటే మీ అభ్యర్థన కూడా రద్దవుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, అందుకే పనిచేసిందనుకుంటారు. చిన్న సీ ప్రోగ్రామ్‌లో ఫైల్ తెరిచి, 32 బిట్ల సున్నా రాసి, కొలత అయ్యేదాకా మూయకుండా ఉంచండి.

3. ఫలితం బాగుంటే డ్రైవర్‌లోనే ఇదే అభ్యర్థన చేసే సీపీయూ_లేటెన్సీ_క్యూఓఎస్_యాడ్_రిక్వెస్ట్ ఫంక్షన్ పిలవండి (కెర్నల్ 5.7 నుంచి ఉంది). డివైస్ వాడుతున్నంతసేపే ఉంచి, తర్వాత తీసేయండి. లేకపోతే కరెంటు ఊరికే ఖర్చవుతుంది.

4. అయినా తగ్గకపోతే ఎఫ్‌ట్రేస్‌లో (కెర్నల్‌లోనే ఉండే ట్రేసింగ్ సాధనం) ఐఆర్‌క్యూఎస్ఆఫ్ ట్రేసర్ పెట్టండి. ఇంటరప్ట్‌లను ఎక్కువసేపు ఆపి ఉంచిన ఫంక్షన్ పేరుతో సహా దొరుకుతుంది.

సగటు చూడకండి, గరిష్ఠం చూడండి. హ్యాండ్లర్‌లో ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో రాసే ఫంక్షన్) ఉంటే కొలిచే ముందు తీసేయండి.