గల్ఫ్ సమయం అంటే ఏయే దేశాల సమయం?

గల్ఫ్ ప్రామాణిక సమయాన్ని ఏయే దేశాలు పాటిస్తాయని అడిగారు. గల్ఫ్‌లో రెండే దేశాలు పాటిస్తాయి: యూఏఈ (దుబాయ్ ఉన్న దేశం), ఒమన్. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్ కూడా గల్ఫ్ దేశాలే అయినా అవి ఇంకో గంట వెనక, అంటే మనకు రెండున్నర గంటలు వెనక నడుస్తాయి. ఈ గంట తేడా తెలియక నేను మా చెల్లి పెళ్లి చూడలేకపోయాను.

2011లో నేను సౌదీలోని దమ్మామ్‌లో పనిచేసేవాణ్ణి. మొదటిసారి జగిత్యాల నుంచి బయలుదేరినప్పుడు మమ్మల్ని పంపిన ఏజెంటు "గల్ఫంతా ఒకటే టైం" అని చెప్పిన మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. పెళ్లికి రావడానికి దుబాయ్‌లో విమానం మారవలసి ఉంది. సాయంత్రం ఐదున్నరకు దమ్మామ్‌లో ఎక్కితే ఎనిమిదికి దుబాయ్, అక్కడ పదీపావుకు హైదరాబాద్ విమానం. గంటన్నర ప్రయాణానికి టికెట్టులో రెండున్నర గంటలు ఎందుకు పడిందని ఒక్కసారి ఆలోచించినా సరిపోయేది. విమానంలో స్థానిక సమయం ప్రకటించినప్పుడు నేను నిద్రలో ఉన్నాను.

నా చేతికి నాన్న ఇచ్చిన హెచ్‌ఎంటీ గడియారం ఉంది. దాని గాజు మీద ఒక గీత, తోలు పట్టీకి నాన్న స్వయంగా పొడిచిన అదనపు రంధ్రం ఇప్పటికీ ఉన్నాయి. దమ్మామ్ సమయంలోనే ఉన్న ఆ గడియారంలో తొమ్మిది దాటేదాకా కుర్చీలో కూర్చుని, ఇంకా గంట ఉంది కదా అనుకుంటూ నెమ్మదిగా గేటు దగ్గరికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి ఏమీ మాట్లాడకుండా గోడ గడియారం వైపు వేలు చూపించాడు. పదీ పది. తలుపు మూసేశారు. మర్నాడు ఉదయం 10:40 ముహూర్తానికి చెల్లి మెడలో తాళి పడే వేళకు నేను ఇంకా దుబాయ్‌లోనే ఉన్నాను. నేను ఇల్లు చేరేసరికి అప్పగింతలు అయిపోయి, పందిరి విప్పుతున్నారు.

ఆ తరువాతే పటం ముందు పెట్టుకుని అసలు కారణం తెలుసుకున్నాను. ప్రపంచ సమయాన్ని లండన్ దగ్గరి గ్రీనిచ్ నుంచి లెక్కిస్తారు; యూఏఈ, ఒమన్ దానికన్నా నాలుగు గంటలు ముందుంటాయి. పదిహేను డిగ్రీల రేఖాంశానికి ఒక గంట చొప్పున నాలుగు గంటలకు 60 డిగ్రీల తూర్పు రేఖాంశం వస్తుంది. ఒమన్ తూర్పు కొస అయిన రాస్ అల్ హద్ దాదాపు ఆ రేఖను తాకుతుంది. సౌదీ రాజధాని రియాద్ 45 డిగ్రీలకు దగ్గరగా ఉంది కాబట్టి అక్కడ మూడు గంటలే ముందు. జార్జియా, ఆర్మేనియా, అజర్‌బైజాన్, మారిషస్‌లలోనూ గడియారం యూఏఈతో సమానంగానే నడుస్తుంది కానీ ఆ సమయాన్ని గల్ఫ్ పేరుతో పిలవరు.

వలస వెళ్లేవారికి పాస్‌పోర్టు, వైద్య పరీక్షల గురించి గంటల తరబడి చెప్పేవారు ఈ సంగతి చెప్పకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. టికెట్టు మీద అచ్చయ్యే సమయం ఎప్పుడూ ఆ ఊరి స్థానిక సమయమేనని ప్రతి ఒక్కరికీ చెప్పి పంపాలి. ఇంట్లోవారికీ ఈ తేడా చెప్పాలి. ఉదాహరణకు, యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఎండలో పనిచేసేవారికి మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు విరామం ఉంటుంది. మనకు అది రెండు నుంచి నాలుగున్నర. వేసవి సమయమంటూ గడియారాలు ముందుకు జరిపే పద్ధతి అక్కడ లేదు కనుక మనతో ఉన్న ఈ సమయం తేడా ఏడాదంతా మారదు. మీవారు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటే రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేయండి, అక్కడ ఎనిమిది అవుతుంది. రియాద్‌లోనో కువైట్‌లోనో ఉంటే పదిన్నర దాకా ఆగండి.