సొంత ఖర్చుతో కథల పుస్తకం వేస్తే డబ్బు వెనక్కి వస్తుందా?

మీ ప్రశ్న ఇది: పదిహేను కథలున్నాయి, సొంతంగా అచ్చు వేసుకుందామనుకుంటున్నారు. ప్రెస్సువాళ్లు 500 కాపీలు వేయమంటున్నారు. డబ్బు వెనక్కి వస్తుందా, డిస్ట్రిబ్యూటర్‌కి ఇచ్చేస్తే సరిపోతుందా అని అడిగారు.

500 వద్దండి. 200 వేయండి, అందులోనూ సగం ముందే అమ్ముకున్నాక వేయండి. నేను రెండు పుస్తకాలు వేశాను. 2018లో మొదటిదానికి చేతులు కాల్చుకున్నాను. 2023లో రెండోదానికి నష్టం లేకుండా బయటపడ్డాను.

మొదటి పుస్తకం 176 పేజీలు, అంటే డెమ్మీ సైజులో (మామూలు కథల పుస్తకం సైజు) 11 ఫారాలు, ఫారానికి 16 పేజీలు. డీటీపీ (కంప్యూటర్‌లో టైప్ చేసి పేజీలు అమర్చడం), ముఖచిత్రం, కాగితం, అచ్చు, బైండింగ్ అన్నీ కలిపి 500 కాపీలకు 42,000 అయింది. కాపీకి 84 పడింది. కొత్తవాడి పుస్తకం కదా, ఎక్కువ పెడితే ఎవరు కొంటారని వెల 150 వేశాను. డిస్ట్రిబ్యూటర్ కమీషన్ 40 శాతం. 150లో 60 అక్కడ పోతే నాకొచ్చేది 90. కాపీకి ఆరు రూపాయలు మిగులు, అదీ అమ్ముడుపోతే! ప్రెస్సుకి ఇవ్వకముందు వేసుకోవాల్సిన ఈ లెక్క నేను కట్టలు ఇంటికొచ్చాక వేశాను.

500 అనడంలో ప్రెస్సువాళ్ల మోసమేమీ లేదు. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేసి మిషన్ మీద అచ్చు వేసే పద్ధతిలో, ఆ ప్లేట్లకీ, మిషన్ సెట్టింగుకీ అయ్యే ఖర్చు వంద కాపీలు వేసినా వెయ్యి వేసినా ఒకటే. అందుకే కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని రేటు తగ్గుతుంది. ఆ తగ్గిన రేటు చూసి మనం పడిపోతాం. మంచం కింద చెదలు పట్టే కాపీ ఎంత చవగ్గా పడితే మాత్రం ఏం లాభం?

ఇక డిస్ట్రిబ్యూటర్ సంగతి. వాళ్లు మన పుస్తకాలు కొనుక్కోరు, పెట్టుకుంటారు. అమ్ముడుపోయాక సెటిల్ చేస్తామంటారు. నేను 150 కాపీలిచ్చి, కాగితం ముక్క కూడా రాయించుకోకుండా వచ్చాను. ఏడాదిన్నర తర్వాత, నాలుగు ఫోన్లు చేశాక, 62 అమ్ముడుపోయాయని 5,580 రూపాయల చెక్కు, 71 కాపీల కట్ట వచ్చాయి. మిగతా 17 ఏమయ్యాయంటే ‘గోడౌన్‌లో ఎక్కడో ఉంటాయి లెండి’ అన్నారు. కట్ట విప్పితే పైనా కిందా ఉన్న కాపీలకు సుతిలి తాడు దిగబడి అట్టలు చిరిగిపోయాయి. 71 అని రాసిన దాంట్లో రెండు అసలు నావే కావు, ఎవరిదో కవితా సంపుటి. అందులో ‘ప్రతులకు’ అని ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. కాకినాడాయన. ‘అవి మీరే ఉంచుకోండి మాస్టారూ, మీవి మూడు నా దగ్గరకొచ్చాయి, చదివేశాను కూడా’ అన్నారు.

అలాగని దుకాణాలకు అసలు ఇవ్వొద్దనను. 20 కాపీలివ్వండి, రసీదు తీసుకోండి, అవి అయ్యాక మళ్లీ ఇవ్వండి. ఎదురుగా కనపడే అరలో పోటీ పరీక్షల పుస్తకాలూ, పేరున్న రచయితలూ ఉంటారు. మన పుస్తకాన్ని పేరు చెప్పి అడిగితే తప్ప బయటకు తీయరు. అది వాళ్ల వ్యాపారం.

నావి ఎక్కువ కదిలింది బుక్ ఫెయిర్లలోనే. డిసెంబర్‌లో హైదరాబాద్, జనవరి మొదట్లో విజయవాడ. స్టాల్ అద్దె ఒక్కళ్లం భరించలేం కాబట్టి ముగ్గురు మిత్రులం కలిసి తెలిసిన ప్రచురణకర్త స్టాల్‌లో ఒక బల్ల తీసుకున్నాం. హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో ఆ దుమ్ములో కూర్చుంటే ఒకటి అర్థమైంది. నేను బల్ల దగ్గరుంటే పుస్తకం కదిలేది, టీకి వెళ్తే ఆగిపోయేది. ‘ఇది మీరే రాశారా?’ అని అడిగినవాళ్లు చాలావరకు కొనకుండా వెళ్లలేదు. మొహమాటం కావచ్చు, పర్లేదు.

రెండో పుస్తకం 200 కాపీలు డిజిటల్‌లో, అంటే ప్లేట్లు లేకుండా నేరుగా కంప్యూటర్ నుంచి అచ్చు వేసే పద్ధతిలో, వేయించాను. కాపీకి 110 పడింది, వెల 250. నెల ముందు ఒక కథ మొత్తం ఫేస్‌బుక్‌లో పెట్టి, ఫోన్‌పే నంబరిచ్చి, పోస్టేజీతో సహా 250 అన్నాను. 118 మంది డబ్బు పంపారు. ప్రెస్సు బిల్లు 22,000 వాళ్ల డబ్బుతోనే కట్టాను. తర్వాత వారం రోజులు ఇల్లంతా బ్రౌన్ టేపు, అట్టముక్కలు. సగం మంది అడ్రసులో పిన్‌కోడ్ లేదు. నా భార్య ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రాసుకుంది. వెనక పేజీలో ‘ప్రతులకు’ కింద ఇప్పుడు దుకాణం పేరు లేదు, నా ఫోన్ నంబరే ఉంది.

అప్పట్లో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ చవగ్గా ఉండేది. 2024 డిసెంబర్‌లో తపాలా శాఖ దాన్ని ఎత్తేసింది. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది తెచ్చారు. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. ఏ పుస్తకాలు పంపొచ్చన్నదానికి షరతులున్నాయి కాబట్టి కథల పుస్తకం తీసుకుంటారా అని మీ పోస్టాఫీసు కౌంటర్లో ముందే అడగండి. పేజీలు తగ్గించుకుని ప్యాకెట్‌తో సహా 300 గ్రాములు దాటకుండా చూసుకుంటే మంచిది.

గ్రంథాలయాలు కొంటాయన్న ఆశతో వెల పెట్టకండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం గానీ, ఆ డబ్బుతో మన పుస్తకం ఎప్పుడు కొంటారో చెప్పలేం.

ఒక టెన్షన్ తప్పిస్తాను. మీరు యూనికోడ్‌లో టైప్ చేసి ఉంటారు, ప్రెస్సులో దాన్ని అను ఫాంట్స్‌లోకి (ప్రెస్సులవాళ్లు వాడే, యూనికోడ్ కాని తెలుగు అక్షరాలు) మారుస్తారు. ఆ మార్పిడిలో వత్తులు ఎగిరిపోతాయి. నా పుస్తకంలో ఒక కథ నిండా ‘స్త్రీ’ కాస్తా ‘స్తీ’ అయింది. మార్చకముందు మూడుసార్లు ప్రూఫు చూశాను, మార్చాక ఒక్కసారీ చూడలేదు. ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) ఎవరికీ డబ్బివ్వకండి, ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా ఇస్తారు. నేను తెలియక ఒకాయనకి 1,500 ఇచ్చాను.

ఆవిష్కరణ సభ మీ ఇష్టం. నాది ఘనంగానే జరిగింది. వచ్చిన అరవై మందికీ తలో కాపీ ఉచితంగా ఇచ్చాను. వాళ్లే కొనగలిగినవాళ్లని తర్వాత తట్టింది. శాలువాల ఖర్చు పైన చెప్పిన 42,000లో లేదు.

ఐదేళ్లలో మొదటి పుస్తకం మీద 35,000 దాకా తిరిగొచ్చింది. ఇంకా 54 కాపీలు మంచం కిందే ఉన్నాయి. అట్ట కాస్త చిరిగినా పర్లేదంటే అడ్రసు పంపండి, ఒకటి పోస్ట్ చేస్తాను. పిన్‌కోడ్ మర్చిపోకండి.