లింకన్ ఎందుకు ఆగాడు?

ప్రశ్న: బానిసలను విడిపించడానికి అమెరికా అధ్యక్షుడు లింకన్ అంతర్యుద్ధం మొదలయ్యాక కూడా ఏడాదిన్నర దాకా ఎందుకు ఆగాడండీ?

జవాబు: నన్నూ చాలాకాలం వేధించిన ప్రశ్న ఇది. 1862 జులై 22నే విముక్తి ప్రకటన ముసాయిదాను మంత్రులకు చదివి వినిపించాడు. ఓటముల మధ్య ప్రకటిస్తే దిక్కుతోచక చేసిన పనిలా ఉంటుంది, ఒక్క గెలుపు రానివ్వమన్నాడు విదేశాంగ మంత్రి సెవార్డ్. సెప్టెంబరు 17న యాంటీటమ్ దగ్గర భీకర పోరు జరిగింది, దక్షిణాది తిరుగుబాటు సేనాని లీ సైన్యం వెనుదిరిగింది. 22న, తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలకు జనవరి 1 నుంచి విముక్తి అంటూ తొలి ప్రకటన వచ్చింది. నవంబరు ఎన్నికల్లో సొంత పార్టీ దెబ్బతింది. అయినా వెనక్కి తగ్గలేదు.

యూనియన్‌తోనే, అంటే లింకన్ ప్రభుత్వం వైపే ఉన్న కెంటకీ లాంటి బానిస రాష్ట్రాలను మాత్రం అందులో చేర్చలేదు. అది నాకిప్పటికీ ముల్లే. కానీ 1863 జనవరి 1న, గంటలకొద్దీ అతిథులతో కరచాలనాలు చేసి చెయ్యి వణుకుతుంటే, తుది ప్రకటన మీద సంతకం వంకరపోతే సందేహించాడంటారని ఆగి, నెమ్మదిగా పూర్తిపేరు రాసిన ఆ మనిషంటే నాకెంతో గౌరవం.