జీర్ణాశయం మొత్తం తీయించాలా, కొంత తీస్తే చాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. జీర్ణాశయం కింది భాగంలో క్యాన్సర్ ఉందని ఎండోస్కోపీలో తేలింది. పై భాగం కొంత ఉంచి ఆపరేషన్ చేస్తామని సర్జన్ అంటున్నారు. మొత్తం తీయిస్తేనే పీడ విరగడవుతుందని బంధువులు పట్టుబడుతున్నారు. ఏ ఆపరేషన్ తర్వాత జీవితం ఎలా ఉంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ సర్జన్ చెప్పిందే సబబుగా ఉందమ్మా. క్యాన్సర్ కింది భాగానికే పరిమితమై, చుట్టూ తగినంత మంచి కణజాలంతో, లింఫు గ్రంథులతో సహా గడ్డను తీయగలిగితే, జీర్ణాశయం మొత్తం తీసినంత మాత్రాన ఆయుష్షు పెరగదు. రెండింటినీ పోల్చిన అధ్యయనాలు తేల్చింది ఇదే. తేడా అంతా తర్వాతి రోజుల్లో, ముఖ్యంగా భోజనం దగ్గర తెలుస్తుంది.

మొత్తం తీసినప్పుడు అన్నవాహికను నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. తిన్నది కాసేపు ఆగడానికి చోటుండదు. అది ఒక్కసారిగా పేగులోకి దిగితే అరగంటలోపే గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు. దీన్నే డంపింగ్ అంటాం. కొందరికి తిన్న ఒకటి నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, నీరసం వస్తాయి. బరువూ బాగా తగ్గుతారు. విటమిన్ బి12 ఒంటబట్టడానికి కావాల్సిన పదార్థం జీర్ణాశయంలోనే తయారవుతుంది కాబట్టి జీవితాంతం బి12 తీసుకోవాల్సిందే.

కొంత భాగం మిగిల్చినా ఈ ఇబ్బందులు పూర్తిగా తప్పవు, కానీ సాధారణంగా తక్కువగా ఉంటాయి. కొందరికి పైత్యరసం పైకి ఎగదన్ని మంట పుడుతుంది. ఐరన్, బి12 పరీక్షలు, మిగిలిన భాగానికి డాక్టర్ చెప్పినప్పుడల్లా ఎండోస్కోపీ చేయించాలి. పై భాగాన్ని మాత్రమే తీసే ఆపరేషన్ కూడా ఉంది గానీ, అది మీ నాన్నగారికి వర్తించదు.

అయితే క్యాన్సర్ గోడ వెంట పైకి పాకిందని తేలితే మొత్తం తీయక తప్పదు. అప్పుడు వెనుకాడకండి. జీర్ణాశయం లేకుండానే ఏళ్ల తరబడి తమ పనులు తాము చేసుకుంటూ బతుకుతున్నవారు ఎందరో ఉన్నారు.

ఏ ఆపరేషన్ అయినా మొదటి కొన్ని నెలలే గడ్డుకాలం. రోజుకు ఆరు సార్లయినా కొద్దికొద్దిగా, బాగా నమిలి తినాలి. నీళ్లు భోజనంతో పాటు కాకుండా అరగంట తేడాతో తాగాలి. తీపి తగ్గించి, మాంసకృత్తులు పెంచాలి. తిన్న వెంటనే పడుకోకూడదు. ఇంకో ముద్ద తినమని మాత్రం దయచేసి బలవంతం చేయకండి. ప్రేమతోనే అంటారు, కానీ ఆ ముద్దే ఆయన్ను బాధపెడుతుంది. మింగుడు పడకపోయినా, వాంతులు ఆగకపోయినా, నెలలు గడిచినా బరువు తగ్గుతూనే ఉన్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా సర్జన్‌కు చూపించండి.